జేబులు తడిమే ఉద్యోగం

నా ఉద్యోగకాలంలో కొన్ని వేలమంది ప్రాణాలు కాపాడాను.

ఈ వాక్యం రాసి మా ఆవిడకు చదివి వినిపిస్తే, చిక్కుడుకాయలు తుంచుతూ "ఎవరెవరివి?" అని అడిగింది. ఒక్క పేరు చెప్పలేకపోయాను. బావిలో పడ్డవాణ్ణి పైకి లాగితే వాడు కాళ్ళకు మొక్కుతాడు, వాడి ఇల్లెక్కడో కూడా మీకు తెలుస్తుంది. పడకముందే చెయ్యి పట్టుకుని ఆపితే మాత్రం మిమ్మల్ని తిట్టుకుంటూ ఇంటికి పోయి, అన్నం తిని పడుకుంటాడు. నా జీవితమంతా ఈ రెండో రకం వాళ్ళతోనే గడిచింది. కాబట్టి మొదటి వాక్యాన్ని దిద్దుతున్నాను. కొన్ని వేలమంది చేత తిట్లు తిన్నాను. వాళ్ళలో చాలామంది ఇంకా బతికే ఉన్నారు.

నేను బొగ్గుగనుల్లో సేఫ్టీ ఆఫీసరుగా పనిచేశాను. అరవై తొమ్మిదిలో చేరాను, తొంభైల్లో దిగిపోయాను. గోదావరికి ఇవతల కరీంనగర్ జిల్లాలోనూ, అవతల ఆదిలాబాద్ జిల్లాలోనూ గనులు చూశాను. "భూగర్భం నన్ను పిలిచింది" అని చాలాకాలం చెప్పుకున్నాను. పిలిచింది భూగర్భం కాదు. మాది జమ్మికుంట పక్కన పత్తి పండించే ఇల్లు. బాపు ఒకసారి నన్ను పత్తి బండి మీద మార్కెట్‌కు పంపితే దారిలో నిద్రపోయాను. ఎడ్లు తమకు తెలిసిన దోవన మళ్ళీ ఇంటికే వచ్చి నిలబడ్డాయి. బాపు బండినీ నన్నూ చూసి అవ్వతో, "గీనికి భూమి మీది పని రాదు. కిందికి పంపుదాం" అన్నాడు. అట్లా మైనింగ్ డిప్లొమాలో పడ్డాను.

ఎప్పుడు ఏ గ్రేడు వచ్చిందో, ఎవరి సంతకం ఎక్కడ ఆగిందో రాయను. అవి మీకూ వస్తాయి, మీకూ ఆగుతాయి. కొత్తగా ఈ పనిలోకి దిగే పిల్లలకు చెప్పాలనుకున్నది ఒకటే. ఇంకొకడి మేలు కోసం వాడి జేబులో చెయ్యి పెట్టే అధికారం సర్కారు మీకిస్తుంది. ఆ చెయ్యి ఎట్లా పెట్టాలో మాత్రం చెప్పదు.

బూట్లు

గనిలో దిగే ప్రతివాడికీ ఇనుప ముక్కు బూట్లు ఇవ్వాలని నిబంధన. ఇచ్చేవాళ్ళం. మర్నాడు చూస్తే సగంమంది ఉత్త కాళ్ళతో, మిగతా సగం టైరు చెప్పులతో. బూట్లు ఏవిరా అంటే ఇంట్లో భద్రంగా ఉన్నాయనేవాళ్ళు. ఒక ఆదివారం ఆసిఫాబాద్ అంగడికి, అంటే వారపు సంతకు, వెళ్ళాను. మా గని బూట్లు అంగడంతా తిరుగుతున్నాయి. మేకలు అమ్మేవాడి కాళ్ళకు అవే, వాటిని బేరమాడేవాడి కాళ్ళకూ అవే.

ఆ ఎండాకాలమే ఒక ఫిల్లరు ఇంట్లో పెళ్ళికి పోయాను. ఫిల్లరంటే పగిలిన బొగ్గును తట్టలతో టబ్బుల్లోకి ఎత్తేవాడు. పెళ్ళికొడుకు కొత్త ధోవతి కింద మా బూట్లు తళతళలాడుతున్నాయి. నేను అక్కడికక్కడే పెళ్ళి ఆపించి, పందిట్లోనే బూట్లు విప్పించాను. ఈ కథ రిటైరయ్యేదాకా ప్రతి కొత్త బ్యాచికీ చెప్పాను. జరిగింది చెబితే బాగుండదు గనక చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. రెండు లడ్డూలు తిని, "బూట్లు మంచిగున్నయి అల్లుడా" అని పెళ్ళికొడుకును మెచ్చుకుని, ఎండ చల్లారాక ఇంటికొచ్చాను.

పందిట్లో రాని కోపం మర్నాడు గేటు దగ్గర వచ్చింది. బూట్లు లేనివాడికి జరిమానా అన్నాను. అందరూ బూట్లు తొడుక్కొచ్చారు. నాకు భలే సంతోషమైంది. తీరా లోపలికి పోయి చూస్తే, మొదటి మలుపు దగ్గరే బూట్లు విప్పి, లేసులు ముడేసి, మెడలో దండల్లాగా వేసుకుని పనిచేస్తున్నారు. అడిగితే ఒక పెద్దాయన, "నువ్వొక్క దినం తొడిగి సూడు సారూ" అన్నాడు. తొడిగాను. మధ్యాహ్నానికి నాకు నడక రాలేదు. గోదాములో ఎవరో మహానుభావుడు అన్నీ ఒకే సైజు తెప్పించాడు. పుట్టిన దగ్గర్నుంచీ చెప్పు ఎరగని పాదాలు వెడల్పుగా ఉంటాయన్న సంగతి కొన్నవాడికి తట్టలేదు. తొడగమన్న నాకూ తట్టలేదు. సైజులు సరిగా తెప్పించాక, వాళ్ళే ఆముదం రాసి తోలు మెత్తబరుచుకున్నాక, ఎక్కువమంది చెప్పకుండానే తొడిగారు.

"వాని కాలు, వాని ఇష్టం. మీకెందుకు?" అని అప్పట్లో కొందరు నాతో వాదించారు. అందులో సగం నిజముంది. కాలు నుజ్జయితే వాణ్ణి పైకి మోసుకొచ్చేది నలుగురు, ఆ తర్వాత బతికినన్నాళ్ళూ మోసేది వాడి పెళ్ళాం. అందుకని వెంటపడి చెప్పడం తప్పని నాకెప్పుడూ అనిపించలేదు. అయితే వెంటపడటం వేరు, మెడపట్టడం వేరు. మనిషి తన ఒంటికి తాను తెచ్చుకునే ముప్పు దగ్గర నోరు వాడండి. పక్కవాళ్ళందరినీ కాల్చే ముప్పు దగ్గర చెయ్యి వాడక తప్పదు. ఆ చెయ్యి సంగతి నాకు బీడీ నేర్పింది.

నడుము దగ్గర మూట

డెబ్భైల చివర్లో నేనున్న గని ఆదిలాబాద్ వైపు, అడవి అంచున ఉండేది. పేరు చెప్పను. అక్కడివాళ్ళు గుర్తుపడతారు, మిగతావాళ్ళకు అవసరం లేదు. గనిని అక్కడ బాయి అంటారు. ఏటవాలు దారిన నడుచుకుంటూ దిగాలి. ఆ బాయిలో గ్యాసు ఉంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలి ఆడకపోతే పైకప్పును పట్టుకుని కూర్చుంటుంది. అప్పుడు ఎవడైనా అగ్గిపుల్ల గీశాడా, గీసినవాడితో పాటు ఆ షిఫ్టులో దిగినవాళ్ళెవరూ పైకి రారు. అందుకే బీడీ, అగ్గిపెట్టె లోపలికి పోకూడదని చట్టం. దిగే ముందు అందర్నీ తడిమి చూడాలి.

తడిమే పని వాచ్‌మన్ ఖాజా భాయ్‌ది. పొట్ట ముందుకు, గడ్డం పక్కకు పెట్టి, "జర చేతులు లేపు భాయ్" అంటూ ఒక్కొక్కణ్ణీ తట్టి పంపేవాడు. ఏళ్ళ తరబడి అట్లా నడిచింది. ఒకరోజు పని స్థలం దగ్గర కాలిన బీడీ ముక్క దొరికింది. అది చూసిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించలేదు. ఇది పెంచి చెప్పడం కాదు. అప్పటిదాకా దిగిన షిఫ్టులన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి.

మా మేనేజరు మూర్తిగారు. కోస్తావైపు నుంచి వచ్చారు. గొప్ప ఇంజనీరు. మనుషుల్ని కూడా మోటార్ల లాగా విప్పి చూస్తే తెలిసిపోతారని నమ్మిన మనిషి. "తట్టడం కాదు, విప్పి చూడండి. మొలలో ఏముందో, తలగుడ్డలో ఏముందో అంతా" అని ఆర్డరు వేసి, మర్నాడు పొద్దున తానే గేటు దగ్గర నిలబడ్డారు. నేను ఆయన పక్కన.

వరసలో కొమురయ్య వచ్చాడు. ఫిల్లరు. నలభై దాటిన మనిషి, మాట తక్కువ, బీడీ ఎక్కువ. తలగుడ్డ విప్పాడు, అంగీ జేబులు తిరగేసి చూపించాడు. ఖాజా భాయ్ చెయ్యి నడుము దగ్గర ఆగింది. మొలతాడుకు చిన్న గుడ్డమూట. ఖాజా భాయ్ ఆ గడ్డ మీద పుట్టినవాడే, చూడగానే గుర్తుపట్టి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ముడుపు సాబ్" అన్నాడు.

ముడుపంటే మనకు తెలుసు. పసుపు గుడ్డలో రూపాయి కట్టి దేవుడికి మొక్కుకుంటారు. మొక్కు తీర్చే రోజున ఆయన ముందరే విప్పాలి, మధ్యలో విప్పకూడదు. మామూలుగా ఇంట్లో దేవుడి దగ్గర పెడతారు. కొమురయ్య కూతురు జ్వరంతో ఆసుపత్రిలో ఉంది. తల్లి అక్కడే కూర్చుంది. ఇల్లు తాళం వేసి, కొండగట్టు అంజన్నకు కట్టిన ముడుపును ఒంటి మీదనే ఉంచుకుని డ్యూటీకొచ్చాడు.

"ముడుపో గిడుపో, విప్పమనండి. బీడీ ముక్క లోపలికి ఎలా వెళ్ళింది మరి?" అన్నారు మూర్తిగారు. నేను ఏదో చెప్పబోయాను. చెప్పేలోగా కొమురయ్య తనే మొలతాడు లాగి, మూట తెంపి, మా ముందు విప్పాడు. పసుపు అంటిన రూపాయి, నాలుగు బియ్యపు గింజలు. అరచేతిలో పెట్టుకుని మేనేజరు ముఖం ముందు పట్టాడు.

"సూడు సారూ. బీడీ గాదు. నా బిడ్డ."

అని వెనక్కి నడిచి, గేటు బయట నేలమీద కూర్చున్నాడు. అతని వెనకాల ఉన్నవాడు అతని పక్కన కూర్చున్నాడు. వరసంతా కూర్చుంది. ఆ పూట ఎవరూ దిగలేదు.

ఓదెలు అడిగింది

కార్మికుల నాయకుడు ఓదెలు. ఎండిన కట్టెలాంటి మనిషి, నాలుక మాత్రం పచ్చిది. మధ్యాహ్నం మా ఆఫీసుకొచ్చి ఒకే మాట అన్నాడు. ఇక మీదట ఎవరి మీదా చెయ్యి పడకూడదు. పడితే బాయి నడవదు.

నేను లేచి నిలబడి, గ్యాసు గురించి, చట్టం గురించి, ప్రాణాల గురించి ఒక మహోపన్యాసం ఇచ్చాను. ఓదెలు కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. ఈ రెండో వాక్యం అబద్ధం. మొదటి దాంట్లో కూడా "మహా" అన్నది నా సొంతం. ఓదెలు మధ్యలోనే చెయ్యి అడ్డం పెట్టాడు.

"గ్యాసు సంగతి నాకు జెప్పకు సారూ. మా అన్న గ్యాసుకే పోయిండు. బీడీ లోపటికి పోవద్దని నీకన్న నాకే ఎక్కువుంది."

"మరి తడమొద్దంటే ఎట్లనయ్యా?"

"ఎవలను తడుముతున్నరు? మమ్ముల. మిమ్ముల ఎవలు తడుముతున్నరు? మేనేజరు దిగుతడు, నువ్వు దిగుతవ్, ఇంజనీర్లు దిగుతరు. ఖాజా భాయ్ సలాం గొట్టి తొవ్వ ఇడుస్తడు. గ్యాసుకు తెలుస్తదా, గీన ఆఫీసరు, గీన కూలోడు అని?"

ఆ గనిలో చేరిన దగ్గర్నుంచి నన్నెవరూ తడమలేదు. తడమలేదన్న సంగతి కూడా నాకు ఎప్పుడూ గుర్తుకు రాలేదు.

"ఇగ ఇంకోటి" అన్నాడు. "గుంజుకున్న బీడీలు యాడికి పోతున్నయ్?"

ఈ ప్రశ్న వినపడగానే తలుపు దగ్గర నిలబడ్డ ఖాజా భాయ్ బయటి వానను చూడటం మొదలుపెట్టాడు. బయట ఎండగా ఉంది. రోజూ పట్టుకున్న బీడీలు వాచ్‌మన్ల గదిలో కాలిపోతున్నాయని అప్పుడు తెలిసింది. చట్టం పేరుతో తీసుకున్న వస్తువును చట్టం కాపలాదారు తాగుతున్నాడు. దాచుకుని లోపలికి తీసుకుపోయిన మూర్ఖుణ్ణి నేను సమర్థించను, వాడు హంతకుడి పని చేశాడు. కానీ తీసుకున్నది తిరిగి రాదని తెలిసినప్పుడు దాచుకోవాలన్న బుద్ధి ఎట్లా పుడుతుందో అర్థమైంది.

నేను ఓదెలు నుంచి పెద్ద మాటలు వస్తాయనుకున్నాను. స్వేచ్ఛ, హక్కు, పోరాటం అంటాడని సిద్ధంగా ఉన్నాను. అతను అడిగింది బీడీకట్ట గురించి. ఆలోచిస్తే స్వేచ్ఛ అంటే అదే కాబోలు. నాది నాకు తిరిగొస్తుందా, నాకున్న రూలు నీకూ ఉందా, నేను దేవుడికి కట్టుకున్నదాన్ని ముట్టకుండా ఉంటావా. ఈ మూడింటికీ అవునని చెప్పగలిగితే మనిషి చేతులు ఎత్తుతాడు.

గూళ్ళు

ఆ సాయంత్రం ఇంట్లో కూర్చుని ఒక గొప్ప ఆలోచన చేశాను. ఇది మాత్రం పూర్తిగా నాదే. మా ఆవిడ ఒప్పుకోదు. ఆమె కథనం ప్రకారం, నేను తలపట్టుకుని కూర్చుంటే తను, "కొండగట్టు మీద చెప్పులిడుస్తం గద. ఎవలన్న లొల్లి పెడ్తరా? బిళ్ళ ఇస్తరు, దర్శనమైనంక బిళ్ళ ఇచ్చి తీస్కుంటం" అందట. అన్నదేమో. దాన్ని గనికి అన్వయించింది నేనే కదా.

మా గనిలో ప్రతి కార్మికుడికీ తలకు పెట్టుకునే దీపం నంబరు ఉంటుంది. ఇత్తడి బిళ్ళ ఇచ్చి దీపం తీసుకుంటాడు. అవే నంబర్లతో గేటు దగ్గర చెక్క గూళ్ళు చేయించాను. పైకప్పుకు ఆపు పెట్టే దిమ్మల్లో విరిగినవి ఉంటాయి, ఆ చెక్కతోనే. ఎవరి బీడీ, అగ్గిపెట్టె వారి గూట్లో వారే పెట్టాలి, పైకొచ్చాక వారే తీసుకోవాలి. ఖాజా భాయ్ గూళ్ళ జోలికి పోకూడదు. తడమడం ఉంటుంది, అందరికీ ఉంటుంది. నడుము దగ్గర మూట తగిలినప్పుడు "ముడుపు" అంటే ఖాజా భాయ్ చెయ్యి తీసేయాలి.

ఈ చివరి మాట దగ్గర మూర్తిగారు ఆగిపోయారు. "అంటే ఎవడైనా ముడుపు అని చెప్పి బీడీ తీసుకుపోవచ్చు. ఇదేం భద్రతయ్యా?" అన్నారు. ఆయన ప్రశ్న తప్పు కాదు. నాకూ ఆ భయం ఉంది. ఓదెలు బల్ల మీదికి వంగి నెమ్మదిగా చెప్పాడు.

"ముడుపుల బీడీ పెట్టెటోడు మా దాంట్ల ఉంటే వాని సంగతి మాకు ఇడువుండ్రి సార్. మీ జరిమానా కన్న అది గట్టిగుంటది."

సర్కారు చెయ్యి చేరలేని కొంత జాగా ప్రతిచోటా ఉంటుంది. అక్కడ మనుషులే ఒకరినొకరు చూసుకోవాలి. ఆ జాగాను వదలడానికి ధైర్యం కావాలి. మూర్తిగారు చాలాసేపు పెన్సిలు తిప్పి, సరే అన్నారు.

కొమురయ్య కుటుంబాన్ని గని జీపులో కొండగట్టుకు పంపించాను. ఇది నా ఔదార్యమని ఊరంతా చెప్పుకుంది, నేను కాదనలేదు. ఆ జీపు జగిత్యాలకు ఏదో సామాను కోసం ఎట్లాగూ పోతోంది. అప్పటికి పిల్లకు జ్వరం తగ్గింది. డాక్టరు తన మందు అన్నాడు, కొమురయ్య అంజన్న అన్నాడు. ఆ పుణ్యంలో నేను వాటా అడగలేదు, అదే నా గొప్పతనం. కొమురయ్య అక్కడ కొత్త ముడుపు కట్టి, అక్కడే చెల్లించి వచ్చాడు.

గూళ్ళు మొదలైన రోజు షిఫ్టంతా గేటు దగ్గర నిలబడి చూస్తోంది. ముందు నేను నా సిగరెట్ పెట్టె గూట్లో పెట్టి చేతులెత్తాను. ఖాజా భాయ్ నన్ను కితకితలు పెట్టినట్టు తడిమాడు, ఎవరూ నవ్వలేదు. తర్వాత మూర్తిగారు. ఆయన నిటారుగా వచ్చి చేతులెత్తారు. ఖాజా భాయ్ చెయ్యి ప్యాంటు జేబు దగ్గర ఆగిపోయింది. వేళ్ళతో బయటికి తీశాడు. వెండి లైటరు. మామగారు పెళ్ళిలో పెట్టింది.

ఇక ఇంతే, మనం చెప్పిందంతా బూడిద అనుకున్నాను. మూర్తిగారి చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడు వరస వెనక నుంచి ఓదెలు, చాలా మర్యాదగా, "సార్, మీ గూడు నంబరెంత?" అని అడిగాడు.

మేనేజరుకు గూడు చేయించడం మేమందరం మరిచిపోయాం. మూర్తిగారు, "నాకు లేదయ్యా. నీ దాంట్లో కొంచెం చోటు ఇస్తావా?" అన్నారు. వరసంతా ఒక్కసారి నవ్వింది. కొమురయ్య కూడా నవ్వాడు. ఆ లైటరు ఆ పూటంతా ఓదెలు బీడీకట్ట పక్కన పడుకుంది, సాయంత్రం క్షేమంగా యజమానిని చేరింది.

ఆ లైటరు సంగతి నేనూ మూర్తిగారూ ముందే మాట్లాడుకుని ఆడించిన నాటకమని తర్వాత చాలా చోట్ల చెప్పాను. నాటకమేమీ లేదు. ఆయన నిజంగానే మరిచిపోయారు. ఏళ్ళ తరబడి అట్లాగే మరిచిపోయి దిగి ఉంటారు కూడా. ఆ బీడీ ముక్క కోసం కార్మికుల మొలతాళ్ళు వెతికిన మాకు, నిప్పు మా పక్కనే నడుస్తోందని తెలియలేదు. పెద్ద మనిషిని అవమానించకుండా తప్పు ఒప్పుకునే దారి చూపించిన ఓదెలుకు, ఆ దారిలో నడిచిన మూర్తిగారికి, ఇద్దరికీ సమానంగా దండం పెడతాను. నేను చూసిన బాసుల్లో మూర్తిగారే గొప్పవారు. ఆ రోజుకు ముందు ఈ మాట రాసేవాణ్ణి కాదు.

ఫ్యాను ఆగిన రోజు

ఆ తర్వాతి వానాకాలంలో ఒకరోజు నేను లోపల ఉండగా కరెంటు పోయి, గనిలోకి గాలి తెచ్చే పెద్ద ఫ్యాను ఆగింది. అది ఆగితే చెవులకు తెలుస్తుంది. ఎప్పుడూ ఉండే హోరు లేకపోతే, మనిషి తన ఊపిరి తనే వింటాడు. కాసేపటికి గ్యాసు చూసే సేఫ్టీ దీపాన్ని పైకప్పు వైపు ఎత్తాను. మంట నెత్తిన పల్చటి నీలిరంగు టోపీ లేచింది. అది గ్యాసు వచ్చిందన్న గుర్తు. దీపం దించేశాను. "అందరూ పైకి. ఉరకొద్దు" అన్నాను.

సరంజామా అక్కడే వదిలి, తలదీపాల వెలుగులో మనుషులు వరసగా ఏటవాలు ఎక్కసాగారు. దూరం చాలానే ఉంది. భయానికి ఒక్కొక్కడిది ఒక్కో అలవాటు. ఒకడు దేవుణ్ణి తలుస్తాడు, ఒకడు పక్కవాణ్ణి తిడతాడు. కొమురయ్య నా ముందు నడుస్తున్నాడు. అతనికి భయమేసినా, అలసట వేసినా, కోపం వచ్చినా బీడీ కావాలి. ఒక మలుపులో ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. ఆగీ ఆగగానే అతని చెయ్యి, అతనికి తెలియకుండానే, అంగీ జేబులోకి పోయింది.

నా గుండె ఆగింది. పొద్దున నేనే కళ్ళారా చూశాను, అతను కట్టనూ అగ్గిపెట్టెనూ గూట్లో పెట్టాడు. అయినా ఆగింది.

చెయ్యి బయటికొచ్చింది. ఖాళీగా.

కొమురయ్య తన చేతిని తానే చూసుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. నా ఉద్యోగంలో నేను సాధించిందేమిటని ఎవరైనా అడిగితే, ఆ ఖాళీ చెయ్యి చూపిస్తాను. పతకాలున్నాయి, శాలువాలున్నాయి, అవన్నీ బీరువాలో ఉన్నాయి.

అందరం పైకొచ్చాం. అందరికంటే చివర వచ్చింది నేనేనని వీడ్కోలు సభలో చెప్పాను. చివర వచ్చింది ఓదెలు. నేను మధ్యలో వచ్చాను, ఉరకొద్దని చెప్పినవాణ్ణే రెండుచోట్ల ఉరికాను. గేటు దాటాక అందరూ గూళ్ళ మీద పడ్డారు. దూరంగా చెట్ల దగ్గరికి పోయి ఒకేసారి ముట్టించారు. అంత పొగ ఆ గనిలో బొగ్గు కాలినా వచ్చేది కాదు. మూర్తిగారు అటూ ఇటూ తిరుగుతూ మనుషుల్ని లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టి, ఎవరూ చూడటం లేదనుకుని కళ్ళు తుడుచుకున్నారు. ఆ రోజు మా గనిలో ఏమీ జరగలేదు. పేపర్లో ఒక్క ముక్క రాలేదు. పిల్లలూ, మీ వృత్తిలో గెలుపు ఇట్లాగే ఉంటుంది. ఏమీ జరగని రోజును గుర్తుపట్టి పండగ చేసుకోవడం నేర్చుకోండి, మీకోసం ఎవరూ చేయరు.

మర్నాడు ఫ్యాను నడిపి, గ్యాసు లేదని చూసుకున్నాక షిఫ్టు మళ్ళీ మొదలైంది. ఖాజా భాయ్ సంతోషంలో ఉన్నాడు. నిన్న చావు తప్పించుకుని వచ్చినవాళ్ళను తడమడానికి అతనికి చేతులు రాలేదు. "పోండి భాయ్ పోండి" అని భుజం తట్టి లోపలికి పంపుతున్నాడు. నేనూ చూసీ చూడనట్టున్నాను.

కొమురయ్య వంతు వచ్చింది. కట్ట, అగ్గిపెట్టె గూట్లో పెట్టాడు. రెండు చేతులూ పైకెత్తి, కదలకుండా నిలబడ్డాడు.

"పో భాయ్" అన్నాడు ఖాజా భాయ్.

కొమురయ్య పోలేదు. వెనక వరస ఆగింది.

"ఏంది ఖాజా భాయ్, ఇయ్యాల సుట్టాల లెక్క తోలుతున్నవ్? సూడు. నన్నూ సూడు, నా ఎన్కటోన్నీ సూడు. వాని పక్కన పనిజేసేది నేనే గద."

ఖాజా భాయ్ నా వైపు చూశాడు. నేను వెళ్ళి, చేతులు పైకెత్తి, కొమురయ్య వెనక నిలబడ్డాను.